ఏడు మాత్రలు మిగిలాయా? ఇంగ్లండ్‌లో రిపీట్ ప్రిస్క్రిప్షన్ పెట్టుకునే పద్ధతి

ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో ఒకరోజు అమ్మ ఫోన్ చేస్తే, "సర్జరీకి వెళ్తున్నానమ్మా, వచ్చాక మాట్లాడతా" అని పెట్టేశాను. పది నిమిషాల్లో పిన్ని ఫోను, బావ ఫోను, చివరికి పక్కింటి ఆంటీ ఫోను కూడా. "ఏమైందిరా? ఎక్కడ కోస్తున్నారు?" అని. ఇక్కడ సర్జరీ అంటే ఆపరేషన్ కాదని, మన పేటలో ఉండే డాక్టరు క్లినిక్‌నే అలా అంటారని వాళ్ళకు నచ్చజెప్పేసరికి అపాయింట్‌మెంట్ టైము దాటిపోయింది.

ఆ సర్జరీ నుంచి బీపీ, షుగరు, థైరాయిడ్ లాంటి వాటికి ప్రతి నెలా వాడే మందులు ఎలా తెప్పించుకోవాలో చెబుతాను. మన ఊళ్ళో అయితే పాత స్ట్రిప్పు చూపిస్తే మెడికల్ షాపతను ఇంకో రెండు స్ట్రిప్పులు చేతిలో పెడతాడు. ఇక్కడ చీటీ రాసేది ఒకచోట, మందు ఇచ్చేది ఇంకోచోట. ఈ రెండింటి మధ్య మీ చీటీ ఇప్పుడు ఎక్కడుందో మీకు తెలియాలి. మందు అయిపోతోందని మీకు ఎవరూ గుర్తు చేయరు.

ముందు మీ మందును వాళ్ళ రికార్డులోకి ఎక్కించండి

మందులు వాడేవాళ్ళు దిగిన వారంలోనే జీపీ, అంటే సర్జరీలో ఉండే ఫ్యామిలీ డాక్టరు, దగ్గర రిజిస్టర్ అవ్వాలి. ఒంట్లో బాగోలేనప్పుడు చూసుకుందాంలే అనుకోవద్దు. రిజిస్ట్రేషన్‌కు డబ్బు కట్టక్కర్లేదు. జీఎంఎస్1 అనే ఫారం నింపాలి, చాలా సర్జరీల్లో ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. అడ్రస్ ప్రూఫు, ఐడీ తప్పనిసరి అన్న రూలేమీ లేదు. రిసెప్షన్‌లో అడిగితే, ఉంటే చూపించండి. లేకపోతే, లేకుండా కూడా రిజిస్టర్ చేసుకోవచ్చట కదా అని మర్యాదగా అనండి.

ఇండియా నుంచి వచ్చేటప్పుడు కనీసం రెండు మూడు నెలల మందులు, డాక్టరు చీటీ, తాజా రక్తపరీక్ష రిపోర్టులు తెచ్చుకోండి. చీటీలో బ్రాండు పేరు పక్కన మందు అసలు పేరు కూడా రాయించుకుంటే సగం పని అయిపోయినట్టే. థైరోనార్మ్ అంటే ఇక్కడి డాక్టరు ముఖం చూస్తాడు, లెవోథైరాక్సిన్ అంటే వెంటనే అర్థమవుతుంది. టెల్మా అంటే టెల్మిసార్టన్, గ్లైకోమెట్ అంటే మెట్‌ఫార్మిన్, ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరిన్, పాన్ 40 అంటే పాంటొప్రజోల్. మన దగ్గర ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిపి ఇవ్వడం మామూలు. గ్లైకోమెట్ జీపీ అనే మాత్రలో మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ ఉంటుంది. అలాంటి జోడీ మాత్రలు ఇక్కడ మామూలుగా రాయరు, విడివిడి డబ్బాలుగా ఇస్తారు, లేదా అదే పని చేసే ఇంకో మందుకు మారుస్తారు. నెలల తరబడి అలవాటైన మందు మార్చారని కంగారు పడొద్దు. ఎందుకు మార్చారో మాత్రం అడిగి తెలుసుకోండి.

డాక్టరు మొదటిసారి మందు రాస్తే అది దానంతటదే రిపీట్‌లోకి ఎక్కదు. ఒక్కసారికి రాసినది అక్యూట్ లెక్క. మళ్ళీ మళ్ళీ తీసుకోవడానికి అనుమతించినదే రిపీట్. అందుకే బయటికి వచ్చేముందు "దీన్ని నా రిపీట్ లిస్టులో పెడతారా?" అని ఒక్క మాట అడగండి. ఈ ప్రశ్న అడగకపోవడం వల్లే చాలామంది నెల తర్వాత ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) యాప్ తెరిచి, అందులో తమ మందు కనిపించక తల పట్టుకుంటారు. ఈ మధ్య చాలా సర్జరీల్లో ఈ పనులు క్లినికల్ ఫార్మసిస్టులు చూస్తున్నారు. డాక్టరే కావాలని పట్టుబట్టకండి. మందుల విషయంలో వాళ్ళు ఇంకాస్త ఓపిగ్గా మాట్లాడతారని నా అనుభవం.

తర్వాత ఫార్మసీని ఎంచుకోండి

చీటీ ఇప్పుడు కాగితం మీద రాదు. ఎలక్ట్రానిక్ ప్రిస్క్రిప్షన్ సర్వీస్ ద్వారా సర్జరీ కంప్యూటర్ నుంచి మీరు చెప్పిన ఫార్మసీకి నేరుగా వెళ్తుంది. ఆ ఫార్మసీని ముందే చెప్పి పెట్టడాన్ని నామినేషన్ అంటారు. యాప్‌లో మీరే పెట్టుకోవచ్చు, ఫార్మసీ కౌంటర్‌లో అడిగినా పెడతారు.

ఇంటి దగ్గర ఉన్నది మంచిదా, ఆఫీసు దగ్గర ఉన్నదా అంటే, శనివారం తెరిచి ఉండేది మంచిదంటాను. పోస్టులో ఇంటికి పంపే ఆన్‌లైన్ ఫార్మసీలు కూడా ఉన్నాయి. వాటిని ఎంచుకునేముందు ఫార్మసీలను పర్యవేక్షించే జనరల్ ఫార్మాస్యూటికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరుందో లేదో చూసుకోండి, పోస్టుకు పట్టే రోజులు కూడా లెక్కలో వేసుకోండి. ఇల్లు మారితే జీపీతో పాటు నామినేషన్ కూడా మార్చాలి. ఇల్లు మారి ఆరు నెలలైనా పాత పేట ఫార్మసీలోనే మందులు పోగుపడుతున్న వాళ్ళను చూశాను.

ఇక ఆర్డర్ పెట్టడం

సులువైన దారి ఎన్‌హెచ్‌ఎస్ యాప్. ఇంగ్లండ్‌లో జీపీ దగ్గర రిజిస్టర్ అయి, పదమూడేళ్ళు దాటిన ఎవరైనా వాడుకోవచ్చు. మొదటిసారి మీరు మీరేనని రుజువు చేసుకోవాలి: పాస్‌పోర్టు ఫొటో తీసి, మీ ముఖం స్కాన్ చేసి పంపాలి. అది కుదరకపోతే సర్జరీలో అడిగి ఆన్‌లైన్ సేవల రిజిస్ట్రేషన్ వివరాలు తీసుకోవచ్చు.

యాప్‌లో ప్రిస్క్రిప్షన్స్ భాగంలోకి వెళ్ళి రిపీట్ కోసం రిక్వెస్ట్ నొక్కితే మీ మందుల లిస్టు వస్తుంది. కావలసిన వాటికి టిక్ పెట్టి, ఫార్మసీ పేరు సరిగ్గా ఉందో చూసి పంపేయాలి. రెండు నిమిషాల పని. కావలసిన వాటికే టిక్ పెట్టండి. లిస్టులో ఉంది కదా అని అన్నీ నొక్కొద్దు. ఆస్థమాకు వాడే నీలం ఇన్‌హేలరు, నొప్పి మాత్రలు, ఆయింట్‌మెంట్లు అవసరాన్ని బట్టి వాడేవి. ఇంట్లో రెండు ఉంటే మూడోది అక్కర్లేదు. ఒకసారి ఫార్మసీ గడప దాటిన మందు, డబ్బా తెరవకపోయినా, తిరిగిచ్చినా ఇంకొకరికి ఇవ్వరు, పారేస్తారు. పైగా నీలం ఇన్‌హేలరు తరచూ అడుగుతుంటే ఆస్థమా అదుపులో లేదేమోనని సర్జరీ వాళ్ళు మిమ్మల్ని పిలుస్తారు. పిలవడమే మంచిది.

ఫోను వాడని పెద్దవాళ్ళకు కాగితం దారి ఉంది. మందుల సంచితో పాటు వచ్చే కాగితానికి కుడివైపు భాగంలో రిపీట్ లిస్టు ఉంటుంది. దాన్ని పారేయకుండా, టిక్కులు పెట్టి సర్జరీ బయట ఉన్న డబ్బాలో వేయాలి. ఫోనులో మాత్రం చాలా సర్జరీలు మందుల ఆర్డర్లు తీసుకోవు, వినడంలో పేర్లు తారుమారవుతాయని. ఉదయం ఎనిమిదింటికి అపాయింట్‌మెంట్ల కోసం మోగే ఆ లైన్లో ఇరవయ్యో నంబరుగా నిలబడి చివరికి "యాప్‌లో పెట్టుకోండి" అనిపించుకోవడం కంటే ముందే పెట్టుకోవడం నయం. ఇదివరకు మీ తరఫున ఫార్మసీనే ఆర్డర్ పెట్టేది, ఇప్పుడు చాలా ప్రాంతాల్లో అది ఆపేశారు.

రోజుల లెక్క

సర్జరీకి సాధారణంగా రెండు పనిదినాలు కావాలి. ఆ తర్వాత ఫార్మసీకి ఇంకో రెండు మూడు రోజులు. శని, ఆదివారాలు, బ్యాంక్ హాలిడేలు లెక్కలోకి రావు. సోమవారం ఆర్డర్ పెడితే బుధవారానికి సంతకం, శుక్రవారానికి సంచి. గురువారం రాత్రి పెడితే సంతకమే సోమవారం అవుతుంది, సంచి బుధవారమో గురువారమో.

ఈ లెక్క నేను ఈస్టర్‌కు నేర్చుకున్నాను. గురువారం రాత్రి పెట్టెలో మూడే మాత్రలున్నాయి. తీరిగ్గా యాప్‌లో ఆర్డర్ పెట్టి పడుకున్నాను. మర్నాడు గుడ్‌ఫ్రైడే సెలవు, ఆపైన శని, ఆదివారాలు, సోమవారం కూడా సెలవే. రెండు పనిదినాలంటే మంగళ, బుధవారాలు. ఆదివారానికే పెట్టె ఖాళీ. అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే రూలు: రేకులో ఏడు మాత్రలు మిగిలాయంటే ఆర్డర్ పెట్టాలి. క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు అయితే పద్నాలుగు. మరీ ముందుగా పెడితే ఇంకా టైముందని తిరగ్గొడతారు, కాబట్టి నెల సగంలోనే పెట్టడం కూడా కుదరదు. ప్రయాణముంటే ఆ సంగతి నోట్‌లో రాయండి.

ఇంకో చిన్న సంగతి. ఇక్కడ నెల అంటే ముప్పై రోజులు కాదు, ఎక్కువగా ఇరవై ఎనిమిది. "ప్రతి నెలా అయిదో తారీఖు" అని క్యాలెండర్లో పెట్టుకుంటే రెండు మూడు నెలల్లో తేడా వచ్చేస్తుంది. తారీఖు కాకుండా వారం పెట్టుకోండి: నాలుగు వారాలకొకసారి సోమవారం అని. పరిస్థితి నిలకడగా ఉంటే 56 రోజులకు ఇవ్వగలరా అని అడగొచ్చు. కొందరు ఇస్తారు.

మందు ఏళ్ళుగా మారకుండా ఉన్నవాళ్ళు రిపీట్ డిస్పెన్సింగ్ గురించి అడగండి. డాక్టరు ఏడాది వరకు సరిపడా చీటీలు ఒకేసారి ఆమోదించేస్తే, మీరు ప్రతిసారీ సర్జరీకి ఆర్డర్ పెట్టక్కర్లేదు, టైముకు నేరుగా ఫార్మసీకి వెళ్తే చాలు. ఇది ఉన్నట్టే చాలామందికి తెలియదు.

కౌంటర్ దగ్గర

పేరు చెబితే "అడ్రస్?" అంటారు. మీ పేరు పలకడం రాక అనుకోకండి, అందరినీ అడుగుతారు. ఇంటి నంబరు, పోస్ట్‌కోడ్ చెప్పాలి. స్టేపిల్ కొట్టిన తెల్ల సంచి తెచ్చి ఇస్తారు. అక్కడే తెరిచి చూసుకోండి: మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని మాత్రలు. డబ్బా రంగు మారితే కంపెనీ మారిందంతే, మందు పేరు అదే అయితే ఫరవాలేదు. పేరే వేరుగా ఉంటే అక్కడే అడగాలి. ఒక్కోసారి స్టాకు లేక సగం ఇచ్చి, మిగతాదానికి చిన్న చీటీ ఇస్తారు, దాన్ని జాగ్రత్త చేసుకోండి.

డబ్బు సంగతి, ఇక్కడ కాస్త నిదానంగా చదవండి

వేల్స్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లో ఉన్నవాళ్ళు ఈ భాగం వదిలేయొచ్చు, అక్కడ ప్రిస్క్రిప్షన్లు ఉచితం. ఇంగ్లండ్‌లో ఒక్కో మందుకు డబ్బు కట్టాలి. 2024 మే 1న అది 9.90 పౌండ్లు అయింది. చీటీకి కాదు, మందుకు. మూడు మందులుంటే మూడింతలు. వీసాతో పాటు హెల్త్ సర్‌చార్జ్ కట్టాం కదా అంటే, అది వేరు, ఇది వేరు.

కట్టక్కర్లేని వాళ్ళున్నారు: అరవై ఏళ్ళు నిండినవాళ్ళు, పదహారేళ్ళ లోపు పిల్లలు, ఫుల్‌టైమ్ చదువుతున్న 16 నుంచి 18 ఏళ్ళ వాళ్ళు. గర్భిణులకు, ప్రసవమైన వాళ్ళకు మెటర్నిటీ సర్టిఫికెట్ ఉంటుంది, డాక్టరు చెప్పిన కాన్పు తేదీ నుంచి పన్నెండు నెలల వరకు పనికొస్తుంది.

ఇక మన ఇళ్ళలో ఎక్కువమందికి తెలియనిది మెడికల్ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్. షుగరుకు మందు వాడుతున్నవాళ్ళు, థైరాయిడ్ తక్కువై రోజూ లెవోథైరాక్సిన్ వేసుకునేవాళ్ళు, మూర్ఛకు ఆపకుండా మందు వాడేవాళ్ళు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్ళు, ఇంకొన్ని జబ్బులున్నవాళ్ళు దీనికి అర్హులు. ఎఫ్‌పీ92ఏ అనే ఫారం సర్జరీలోనే అడగాలి. సర్టిఫికెట్ మామూలుగా అయిదేళ్ళు ఉంటుంది. దీనితో థైరాయిడ్ మందు ఒక్కటే కాదు, మీకు రాసిన మందులన్నీ ఉచితం. మా ఆవిడ ఏడాదికి పైగా థైరాయిడ్ మాత్రకు ప్రతిసారీ డబ్బు కట్టింది. సర్జరీలో ఎవరూ చెప్పలేదు. ఒకరోజు ఫార్మసీ కౌంటర్లో అమ్మాయి సంచి అందిస్తూ, "నువ్వెందుకు డబ్బు కడుతున్నావు?" అని ఆశ్చర్యంగా అడిగితే తెలిసింది. కట్టిన డబ్బు పోయింది. బీపీ, కొలెస్టరాల్, ఆస్థమా మాత్రం ఆ జాబితాలో లేవు. తిండి మార్పులతోనే షుగరు అదుపులో పెట్టుకుంటున్నవాళ్ళూ రారు.

అర్హత లేకపోతే ప్రీపేమెంట్ సర్టిఫికెట్ చూడండి, అంటే ముందే ఒక మొత్తం కట్టేస్తే ఆ గడువులో మందుమందుకూ విడిగా కట్టక్కర్లేదు. ఏడాదిది 114.50 పౌండ్లు, పది వాయిదాల్లో డైరెక్ట్ డెబిట్‌గా కట్టొచ్చు. మూడు నెలలది 32.05. ఇప్పుడు లెక్క వేయండి: 28 రోజులకొకసారి ఒకే ఒక్క బీపీ మాత్ర తీసుకున్నా ఏడాదికి పదమూడుసార్లు, అంటే 128.70 పౌండ్లు. ఒక్క మందుకే సర్టిఫికెట్ చవక. రెండు మందులుంటే ఆలోచించే పనే లేదు. కొనే రోజున ధర ఒకసారి వెబ్‌సైట్‌లో చూసుకోండి. కొనాలని ఉండి ఇంకా కొనకపోతే, ఫార్మసీలో డబ్బు కట్టేటప్పుడే ఎఫ్‌పీ57 రసీదు అడగండి. తర్వాత అడిగితే ఇవ్వరు. సర్టిఫికెట్‌ను నెల రోజుల వెనక నుంచి మొదలయ్యేలా తీసుకోవచ్చు, ఆ రసీదుతో మూడు నెలల్లోగా డబ్బు వెనక్కి అడగొచ్చు.

"డబ్బు కడతారా?" అని కౌంటర్లో అడిగితే తోచింది చెప్పేయొద్దు. సర్టిఫికెట్ అయిపోయినా ఉందని చెప్పి తీసుకుంటే తర్వాత ఇంటికి పెనాల్టీ నోటీసు వస్తుంది. కట్టాల్సిన ప్రిస్క్రిప్షన్ చార్జీతో పాటు దానికి అయిదింతల వరకు, వంద పౌండ్లు మించకుండా.

రివ్యూ తేదీ

లిస్టు మీద ఎక్కడో ఒక మూల మెడికేషన్ రివ్యూ తేదీ ఉంటుంది. అది దాటితే ఆర్డర్ ఆగిపోవచ్చు, లేదా ఒక్క నెలకే ఇచ్చి రమ్మంటారు. ఏడాదికొకసారి థైరాయిడ్‌కు రక్తపరీక్ష, షుగరుకు మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ, బీపీకి రీడింగులు అడుగుతారు. బీపీ మిషన్ కొనుక్కుని వారం రోజులు ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు రాసి ఇస్తే సరిపోతుంది. నలభై దాటినవాళ్ళకు చాలా ఫార్మసీల్లో ఉచితంగా బీపీ చూస్తారు. "మందు ఇవ్వడానికి ఇన్ని పరీక్షలా" అని నేనూ విసుక్కున్నాను. ఆ పరీక్షలోనే పొటాషియం తేడా బయటపడి నాకు మాత్ర మార్చారు, ఇప్పుడు విసుక్కోవడం లేదు.

ఎక్కడో ఆగిపోతే

ఫార్మసీలో "మాకు రాలేదు" అంటారు. సర్జరీలో "పంపేశాం" అంటారు. ఈ పింగ్‌పాంగ్‌లో ముందు యాప్ తెరవండి: ఆమోదించారా, తిరస్కరించారా, ఏ ఫార్మసీకి పంపారు అనేది అక్కడ ఉంటుంది. సగం సార్లు పాత నామినేషనే కారణం. ఫార్మసీకి చేరినా స్టాకు లేదంటే, చీటీని స్పైన్‌కు వెనక్కి వదలమని అడగండి. స్పైన్ అంటే ఎన్‌హెచ్‌ఎస్ కేంద్ర వ్యవస్థ. అక్కడికి వచ్చాక ఇంకో ఫార్మసీ దాన్ని లాక్కుని మందు ఇవ్వగలదు. అందుకని ఆ రెండో ఫార్మసీకి ముందే ఫోన్ చేసి స్టాకు ఉందో కనుక్కోండి. మామూలు చీటీకి ఆరు నెలల గడువుంటుంది.

నా ఈస్టర్‌లా పూర్తిగా అయిపోతే ఎన్‌హెచ్‌ఎస్ సలహా నంబరు 111కు ఫోన్ చేయండి, లేదా దాని వెబ్‌సైట్‌లో అత్యవసర మందుల భాగం చూడండి. దగ్గర్లో తెరిచి ఉన్న ఫార్మసీకి మిమ్మల్ని పంపిస్తారు. అక్కడి ఫార్మసిస్టు మీ రికార్డు చూసి కొద్ది రోజులకు సరిపడా ఇవ్వగలరు. పాత డబ్బా గానీ యాప్‌లో లిస్టు గానీ చూపించండి. గాఢమైన నొప్పి మాత్రలు, నిద్రమాత్రల లాంటి కంట్రోల్డ్ మందులు మాత్రం ఇలా దొరకడం కష్టం. అలాంటివి వాడేవాళ్ళు ఏడు మాత్రల రూలును పది చేసుకోండి.

ఊరెళ్ళేటప్పుడు, ఊరి నుంచి వాళ్ళు వచ్చినప్పుడు

సంక్రాంతికి నెల రోజులు వెళ్తుంటే మూడు వారాల ముందే సర్జరీకి చెప్పండి. మామూలుగా మూడు నెలల వరకు మందు ఇవ్వగలరు. అంతకు మించి ఉండేవాళ్ళకు ఎన్‌హెచ్‌ఎస్ మందులు ఇవ్వదు, అక్కడి డాక్టరుకు చూపించుకోవాలి. మందులు హ్యాండ్ లగేజీలో, ఫార్మసీ లేబుల్ ఉన్న డబ్బాతోనే పెట్టుకోండి.

విజిట్ వీసా మీద అమ్మానాన్నలు వస్తుంటే ఉండే రోజులకు పది పదిహేను ఎక్కువే మాత్రలు తెమ్మనండి, డాక్టరు లెటరుతో సహా. ఏదైనా అయితే దగ్గర్లోని సర్జరీలో తాత్కాలిక రోగిగా రాయించుకోవచ్చు. ఇక్కడే ఉండిపోయిన తల్లిదండ్రులకు అయితే ప్రాక్సీ యాక్సెస్ పెట్టించుకోండి. సర్జరీలో వాళ్ళ అనుమతి ఫారం ఇస్తే, మీ యాప్‌లోంచే వాళ్ళ పేరుకు మారి ఆర్డర్ పెట్టొచ్చు. మా నాన్నగారివి నేను అలాగే పెడుతున్నాను. ఆయన మాత్రం ప్రతి ఆదివారం రేకు చేతిలోకి తీసుకుని, వేలితో ఒక్కొక్కటే నొక్కి లెక్కపెట్టి, "ఒరేయ్, తొమ్మిదున్నాయి" అని వంటింట్లోకి కేకేస్తారు.